నీలి బొట్ల లెక్క

ఈ పనిలోకి కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి పోయిన నెల మా ఇంటికొచ్చారు. "సార్, మీరు ఏం చూసి ఒప్పుకునేవాళ్ళు, ఏం చూసి కాదనేవాళ్ళు?" అని అడిగారు. కాఫీ తాగుతూ గంటసేపు చెప్పాను. వాళ్ళు వెళ్ళాక తలుచుకుంటే, చెప్పినవన్నీ నేను సరిగ్గా చేసిన పనులే. తప్పు చేసింది ఒక్కటీ నోటికి రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల బళ్ళు, మిల్లులు, ఆడపిల్లల హాస్టళ్ళు కరాటేకో కర్రసాముకో మాస్టర్ని పెట్టుకునే ముందు మా ఆఫీసుకు కబురు చేసేవి. ఆ మాస్టర్ నిజంగా కొట్లాట నేర్పగలడా లేదా అన్నది నేను వెళ్ళి చూసి, ఔననో కాదనో రాసివ్వాలి. ఈ ఉద్యోగానికి సరైన పేరు లేదు. ఎవరైనా అడిగితే మా ఆవిడ "దెబ్బలకు మార్కులేస్తారు" అని చెప్పేది. అంతకుముందు మదురైలో ఒక బళ్ళో డ్రిల్లు మాస్టర్ని. మాది ఆండిపట్టి దగ్గర సేద్యం చేసే ఇల్లు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆవిడే నేర్పింది కాబట్టి ఇందులో తప్పులుంటే సగం ఆమెవి.

పెంకులు

నాకు ఈ పని నేర్పింది పెరుమాళ్ సార్. మా ఆఫీసుకు పెద్ద. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఆయనదీ మదురై తెలుగిల్లే. తిట్టాలంటే మాత్రం తమిళంలోకి దిగేవాడు. నన్ను తిట్టినన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టలేదు, అది నా అదృష్టం.

మొదటిసారి ఆయన వెంట వెళ్ళినప్పుడు ఒక మాస్టర్ మాకోసం పెద్ద హాల్లో ఏర్పాట్లు చేశాడు. పది పైకప్పు పెంకులు ఒకదానిమీద ఒకటి పేర్చి మోచేత్తో ఒక్క దెబ్బకు ముక్కలు చేశాడు. నేను చప్పట్లు కొట్టాను. పెరుమాళ్ సార్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బయటికొచ్చాక, "ఏమప్పా, సర్కస్ చూసేదానికి వచ్చినావా?" అన్నాడు.

మర్నాడు దార్లో దుకాణంలో రెండు పెంకులు కొని, చంకలో పెట్టుకుని మళ్ళీ ఆ హాలుకే వెళ్ళాడు. అవి ఆ మాస్టర్ ముందు పెట్టి, "వీటిని కూడా కొట్టు సామీ" అన్నాడు. మాస్టర్ వాటిని వేలితో తట్టి చూసి, మోచెయ్యి తడుముకుని, "టీ తాగుతారా సార్?" అని అడిగాడు. ముందురోజు పగలగొట్టిన పెంకులు మళ్ళీ పొయ్యిలో పెట్టి మాడ్చినవట.

తిరుగుదారిలో నేను నవ్వుతుంటే పెరుమాళ్ సార్ బస్సులో అందరి ముందూ కసిరాడు. "వాణ్ణి చూసి నవ్వొద్దు. వాడు కొట్టగలడు, కొట్టలేడు, అది మనకెందుకు? వాడి దగ్గర ఆరు నెలలుండే పిల్ల కొట్టగలదా? అది చూడు. వాడు ముందుకు తోసే పిల్లను కాదు, వెనక వరసలో చెప్పులు చేత పట్టుకుని నిలబడుకొనుండే పిల్లను పిలువు."

ఇన్నేళ్ళూ నేను తిన్న అన్నం ఆ మాట మీద తిన్నదే. గోడమీది సర్టిఫికెట్లు, నడుముకున్న బెల్టు రంగు, ఫొటోలు, ఏవీ చూడొద్దు. వెనక వరస పిల్లను పిలవండి. అక్కడే సగం మంది మాస్టర్లు నీళ్ళు నమిలేవాళ్ళు.

నీలి

పిల్లను పిలిచాక ఏం చెయ్యాలన్నది మాత్రం నా సొంత పద్ధతి. దాన్ని చూసి నేను చాలా మురిసిపోయేవాణ్ణి.

మా ఊళ్ళో కర్రసాము పోటీలుండేవి. కర్ర కొనకు గుడ్డ చుట్టి తడి విబూదిలో ముంచేవాళ్ళు. అది ఎదుటివాడి ఒంటిమీద తగిలితే తెల్లగా గుర్తు పడుతుంది. దాన్ని బొట్టు అంటాం. నడుముకు పైన ఎక్కడ పడినా ఒక బొట్టు ఒక బొట్టే. ఎక్కువ బొట్లు పెట్టినవాడు గెలిచినట్టు. మా నాయన ఎంచేవాడు, ఆయన తర్వాత నేను ఎంచాను. మా ఇంటి మగవాళ్ళకు బొట్లు ఎంచడమంటే ఒక గొప్ప.

ఆ అలవాటునే ఆఫీసుకు తెచ్చాను. విబూది బదులు బట్టలకు పెట్టే నీలి. పిల్లకు పొడుగు చేతుల పాత తెల్లచొక్కా వేయించేవాణ్ణి. కర్ర నేనే పట్టుకుని మూడు నిమిషాలు మీద పడేవాణ్ణి. ఆమె చేతిలో కూడా ఒక కర్ర. చివర చొక్కా మీద బొట్లు ఎంచడమే. చూసే హెడ్మాస్టర్లకూ మేనేజర్లకూ అర్థమయ్యే లెక్క. పెరుమాళ్ సార్ ఒకే ఒకసారి చూసి, "బాగుండాది. కానీ రొంబ సుళువుగా ఉండాది" అన్నాడు, మరీ సుళువని. నాకు కోపమొచ్చింది. ఆయన రిటైరయ్యే దాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చిన మనిషి వినోద్ మాస్టర్. ఆర్.ఎస్. పురంలో అద్దాల గోడల క్లాసు. కరాటే, కర్రసాము రెండూ నేర్పేవాడు. పోటీల్లో కప్పులు గెలిచినవాడు, మనిషి చూడముచ్చటగా ఉండేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అతని పిల్లల చొక్కాలు నీలితో నిండిపోయాయి. ఇంకెవరైనా అయితే నాతో పోట్లాటకు దిగేవాళ్ళు. అతను పిల్లల్ని ఇంటికి పంపేసి, ఆ చొక్కాలను బెంచీ మీద పరిచి చాలాసేపు చూశాడు.

"ఆరు నెలలు టైమిస్తారా సార్?" అన్నాడు.

ఇచ్చాను. ఆరు నెలల తర్వాత వెనక వరస పిల్ల చొక్కా మీద కూడా రెండే బొట్లు. అంత పట్టుదల ఉన్న గురువును నేను అరుదుగా చూశాను. అతను నేర్పింది కొట్లాట కాదని, నా పరీక్ష గట్టెక్కడమని నాకప్పుడు తట్టలేదు. అతనికీ తట్టలేదు. ఇద్దరం నిజాయితీగానే పొరపడ్డాం.

తొమ్మిది బొట్లు

అన్నూరు దగ్గర ఒక చిన్న నూలు మిల్లు. హాస్టల్లో ఉండి పనిచేసే ఆడపిల్లలు ఎక్కువ. షిఫ్టు దిగి బస్టాపు దాకా నడిచే దారిలో ఫోన్లు, గొలుసులు లాక్కుపోవడం మొదలైంది. పిల్లలకు కర్రసాము నేర్పించాలని మేనేజరు అనుకున్నాడు. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి వినోద్ మాస్టర్. రెండోది జ్ఞానమ్మ.

జ్ఞానమ్మకు యాభై దాటి ఉంటాయి. తెల్లవారుజామున వీధులు ఊడ్చే పని. సాయంత్రం వాళ్ళ తెలుగు వీధి చివర, చర్చి పక్క ఖాళీ జాగాలో కర్రసాము నేర్పేది. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకుందట. వీధంతా ఆమెను వాద్యారమ్మ అనేవాళ్ళు, అంటే గురువమ్మ అని. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, నేను వెళ్ళేసరికి పిల్లలతో సిద్ధంగా ఉంది. నేను తెలుగులో పలకరిస్తే ముఖం వెలిగింది.

"మన బాసేనా సారూ? రాండి రాండి. టీ తాగినాక చూడొచ్చులే."

టీ వద్దన్నాను. పరీక్షకు ముందు ఎవరి టీ తాగకూడదని నాకు నియమం.

వెనక వరస పిల్లను పిలిచి కర్ర ఎత్తాను. ఆ పిల్ల వింతగా చేసింది. నా కర్ర వస్తుంటే పక్కకు తప్పుకోలేదు. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టి, దెబ్బ మోచేతి కింద తీసుకుని, కర్ర లోపలికి నేరుగా నా మీదికే దూరింది. అరచెయ్యి నా గడ్డం కిందికి వచ్చేసింది. మా ఊరి పోటీల్లో అంత దగ్గరికి రావడం తప్పు. "దూరం, దూరం" అని అరిచి ఆమెను వెనక్కి పంపాను. మళ్ళీ అదే. మూడు నిమిషాల్లో నాలుగుసార్లు ఆపాను. చివరికి ఎంచితే తొమ్మిది బొట్లు.

వినోద్ పిల్లకు రెండు, జ్ఞానమ్మ పిల్లకు తొమ్మిది. లెక్క అయిపోయింది.

జ్ఞానమ్మ ఆ చొక్కా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"సారూ, బొట్లు ఎన్నని ఎంచినారు. యాడ పడినాయో చూసినారా?"

"ఎక్కడ పడినా బొట్టు బొట్టేనమ్మా" అన్నాను. విసుగ్గానే అన్నాను. ముప్పయ్యేళ్ళు బొట్లు ఎంచినవాడికి ఈమె చెప్పేదేమిటి అన్న పొగరు నాది.

చొక్కా మడిచి చంకలో పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు, "ఇప్పుడన్నా టీ తాగండి" అంది. తాగాను. జ్ఞానమ్మ పనికిరాదని, వినోద్ మాస్టర్ను పెట్టుకోవచ్చని రాసిచ్చాను.

సెల్వి

ఎనిమిది నెలల తర్వాత మిల్లు నుంచి ఫోనొచ్చింది. సెల్వి అనే పిల్లను ఆస్పత్రిలో చేర్చారని, వినోద్ మాస్టర్ క్లాసులో అందరికంటే బాగా నేర్చుకున్న పిల్ల ఆమేనని చెప్పారు.

సెల్వి మా ఆండిపట్టి వైపు పిల్ల. మాటలో మా ఊరి యాస వినిపిస్తుంది. నుదుటి మీద ఎడమ కనుబొమ నుంచి పైకి కుట్లు, కన్ను వాచి మూసుకుపోయి ఉంది. పక్కన వాళ్ళమ్మ. నన్ను మిల్లు మనిషి అనుకుని లేచి నిలబడింది.

జరిగింది సెల్వే చెప్పింది. సాయంత్రం ఆరుకు, ఇంకా వెలుతురు ఉండగానే, బైకు మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడి చేతిలో ఇనప కడ్డీ. ఫోను ఇమ్మన్నాడు. ఈ పిల్ల గొడుగు పట్టుకుని, నేర్పినట్టే అడుగు వేసి, దూరం ఉంచుకుని నిలబడింది.

"రెండుసార్లు తగిలించినాను సార్" అంది. "చేతిమీద ఒకటి, బుజం మీద ఒకటి. వాడు ఒక్కసారే కొట్టినాడు."

ఆ మాట ఆమె గొప్పగా చెప్పుకుంది. రెండుకు ఒకటి, తనే గెలిచినట్టు. చూపు పోకుండా దక్కడమే ఎక్కువని డాక్టరు చెప్పాడని వాళ్ళమ్మ మెల్లగా అంది.

బయట వరండాలో వినోద్ మాస్టర్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. యాడ పడినాయో చూసినారా అన్న మాట గుర్తొచ్చి, "జ్ఞానమ్మ దగ్గరికి ఒకసారి వెళ్దామా?" అన్నాను.

"నేను మూడు రోజులుగా పోతానే ఉన్నాను సార్" అన్నాడు. "ఆ యమ్మ క్లాసులో వెనక వరసలో నిలబడతా ఉన్నాను."

నాకు సిగ్గేసింది. వయసులో నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, కప్పులు గెలిచినవాడు. తన తప్పు తెలిసిన రోజే వెళ్ళి, చీపురు పట్టే మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోనొచ్చాక ఆస్పత్రికి రావడానికే నాకు మూడు రోజులు పట్టింది.

అయిదుకు ఒకటి

మర్నాడు సాయంత్రం జ్ఞానమ్మ జాగాకు వెళ్ళాను. నీలి, కర్రలు సంచిలో ఉన్నాయి, ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలియదు. ఆమె పిల్లల్ని చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఆ పాపకు ఎట్లుండాది?"

"కన్ను దక్కింది."

"దేవుడు చల్లగా చూసినాడు" అని, వినోద్‌ను పిలిచి తెల్లచొక్కా తెమ్మంది. అది నాకోసం. తనకు ఇంకొకటి. "ఈ పొద్దు మీరూ ఏసుకోండి సారూ. మీ లెక్కలోనే ఆడదాం. ఈసారి దూరం దూరం అనగూడదు."

రెండు కర్రలకూ నీలి పెట్టాం. ఆమెకు నా వయసే, మోకాళ్ళ నొప్పి. నేను తగిలించడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అన్నీ తగులుతున్నాయి. ఆమె చేతులు తలకు అడ్డం పెట్టి ఒక్కొక్క అడుగు లోపలికి వస్తోంది. నాలుగు, అయిదు. అంతలో నా కర్రకు జాగా లేకుండా పోయింది. ఆమె కర్ర కొన నా చెవి పక్కన, కణత మీద, మెత్తగా ఆనింది. కొట్టలేదు, బొట్టు పెట్టింది, అంతే.

ఇద్దరి చొక్కాలూ చూసి ఆమె ఎంచింది.

"మీవి అయిదు, నాది ఒకటి. మీరే గెలిచినారు సారూ."

పిల్లలు నవ్వారు. వినోద్ నవ్వలేదు. నేను ఆమె చొక్కా చూశాను. అయిదూ మోచేతుల కింద, బయటివైపు. ఆనాటి తొమ్మిది కూడా అక్కడే పడ్డాయి. చూశానే గాని చూడలేదు. ఆ పిల్ల అరచెయ్యి నాలుగుసార్లు నా గడ్డం దాకా వచ్చింది. నాలుగుసార్లూ నేనే ఆపాను.

"మా నాయన చెప్తాడు," అంది ఆమె చొక్కా విప్పుతూ, "చెయ్యి ఇరిగితే కట్టు కట్టొచ్చు, తల పోతే ఏమి కట్టేది అని. ఊరికే తగలకుండా ఆడేది నాకూ వస్తాది సారూ. అది తిరునాళ్ళకు. తెల్లారే ముందు ఒంటిగా రోడ్లో నిలబడి ఊడ్చేదాన్ని, నాకు తిరునాళ్ళ ఆట ఏమిటికి?"

ఆమెను నేను ఎంత మెచ్చుకున్నానో ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఇన్నేళ్ళలో నేను చూసిన గురువుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. తన పద్ధతి నాకు తెలియలేదని నామీద కక్ష పెట్టుకోలేదు, మిల్లు వాళ్ళ మీదా పెట్టుకోలేదు.

మర్నాడు ఆఫీసులో నా పాత రిపోర్టు తప్పని రాసిచ్చాను. పెరుమాళ్ సార్ జాగాలో వచ్చిన కొత్త పెద్దాయన ఆ కాగితం చూసి మండిపడ్డాడు. "మన మాట మనమే తప్పంటే రేపు మనల్ని ఎవడు పిలుస్తాడు?" అన్నాడు. మిల్లు మేనేజరు కూడా, "అప్పుడు తప్పు రాసినారు, ఇప్పుడు మాత్రం కరెక్టని ఎట్ల నమ్మేది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. "నన్ను నమ్మొద్దు సార్. ఆ యమ్మను పిలిచి మీ చొక్కా మీద చూపించమని అడగండి" అన్నాను. పిలిచాడు. చూపించింది. మేనేజరు కణత మీది నీలి కడుక్కోకుండానే ఆర్డరు రాసిచ్చాడు.

ఆ తర్వాత చాలాకాలం వారానికి మూడు రోజులు జ్ఞానమ్మ మిల్లుకు వెళ్ళేది. వినోద్ మాస్టరే తన బైకు మీద తీసుకెళ్ళి, క్లాసు అయ్యేదాకా వెనక వరసలో నిలబడేవాడు. ఆర్.ఎస్. పురం క్లాసులో అద్దాలు తీసేశాడు.

చివరి పరీక్ష

ఆ తర్వాత నేను బొట్లు ఎంచడం మానేశాను. నీలి మానలేదు. ముందు పిల్ల తల, మెడ చూసి, తర్వాత చొక్కాను బల్ల మీద పరిచి పొట్ట దగ్గర చూసేవాణ్ణి. పిల్ల దగ్గరికొస్తే ఆపేవాణ్ణి కాదు. మీరూ ఆపొద్దు. ఇంకొక మాట. మీ పద్ధతి ఎంత బాగుంటే అంత జాగ్రత్తగా ఉండండి, మాస్టర్లు దానికోసమే నేర్పడం మొదలుపెడతారు. సుళువుగా ఉందని పెరుమాళ్ సార్ అన్నది ఇదే. ఆయన బతికి ఉండగా వెళ్ళి ఆ మాట ఒప్పుకోలేదన్న బాధ నాకు పోలేదు.

రిటైరయ్యే వారం చివరి పరీక్షకు ఒక బడికి వెళ్ళాను. అప్పటికే కర్ర పట్టుకుని వరండాలో ఎదురు చూస్తోంది కొత్త మాస్టరు. పేరు చూసి వెళ్ళలేదు. ఎడమ కనుబొమ మీది గీత చూసి గుర్తుపట్టాను.

సెల్వి జ్ఞానమ్మ దగ్గర అయిదేళ్ళు నేర్చుకుందట. వెనక వరస పిల్లను పిలిచి కర్ర ఎత్తాను. నా మోకాళ్ళు మునుపటిలా లేవు, అయినా మూడు నిమిషాలు మీద పడ్డాను. చొక్కా పరిస్తే నీలంతా చేతుల మీదే. నా గడ్డం మీద మాత్రం ఆ పిల్ల అరచేతి చెమట ఉంది.

సంతకం పెట్టాక పిల్లలు దూరంగా వెళ్ళారు. ఉండబట్టలేక అడిగాను.

"ఆ మచ్చ ఏమిటని పిల్లలు అడగరా?"

"నేనే చూపిస్తాను సార్, మొదటి రోజే. ఈడ పడనీయొద్దు, మిగతాది ఎట్లయినా సమాళించుకోవచ్చు అని చెప్తాను."

"ఎవరివల్ల అయిందని చెప్తావు?"

"బైకులో వచ్చినోడని" అంది. కర్ర కొనకున్న గుడ్డ విప్పింది. "మీ పేరు చెప్పను సార్. భయపడొద్దండి."

జ్ఞానమ్మను కాదని రాసింది నేనేనని ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఎవరు చెప్పారో అడగలేదు.

"చెప్పమ్మా" అన్నాను. "మాస్టర్లు కావాలనుకునే పిల్లలకైనా చెప్పు. ఒక సారు బొట్లు ఎంచినాడు, యాడ పడినాయో చూళ్ళేదు అని చెప్పు."

"సరి సార్" అని, గుడ్డను బకెట్లో ముంచి పిండింది. నీళ్ళు నీలంగా తిరిగాయి.

అందరిముందూ ఆ మాట చెప్పే పిల్ల కాదు సెల్వి, నాకు తెలుసు. అందుకే నేను రాసి పెడుతున్నాను. ఆ పిల్ల నుదుటి మీది గాయంలో సగం బైకులో వచ్చినవాడిది, సగం నాది.